కట్టవతల తూము తవ్వకం

మా ఊళ్ళో రైలుకట్టకు ఇవతల ఊరు, అవతల మేము. ఇవతలి వాళ్ళు మమ్మల్ని ‘కట్టవతలోళ్ళు’ అంటారు. మేము వాళ్ళను తిరిగి ఏమీ అనం. అనాలంటే తూము దాటి వెళ్ళాలి. తూము దాటేసరికి ఎంతటి కోపమైనా తడిసి ముద్దవుతుంది.

తూము అంటే తూమే. రైల్వేవాళ్ళ కాగితాల్లో దానికో నంబరుంది, బయటివాళ్ళు అండర్ బ్రిడ్జి అంటారు. తెల్లదొరలు కట్ట పోసినప్పుడు వాననీళ్ళు అటునుంచి ఇటు పోవడానికి రెండు రాతిగోడలు లేపి, పైన ఇనుపదూలాలు పరిచి, వాటి మీద పట్టాలు వేశారు. అప్పట్లో దాని కింద నీళ్ళు నడిచేవి. సాగరు కాలువలు వచ్చి నీళ్ళ దారి మారాక మనుషులు నడిచారు. కొన్నాళ్ళకు మనుషులూ నీళ్ళూ కలిసి నడిచారు. చివరికి నీళ్ళు నిలిచాయి. నీళ్ళు నిలిచిన చోట నాయకులు నిలవకుండా ఉంటారా? ప్రతి ఎన్నికకూ ఎవరో ఒకరు తూము పేరు చెప్పి నిలిచారు, నిలిచి గెలిచారు, గెలిచి ప్యాంటు పైకి మడిచి తూములోకి దిగారు. దిగిన ప్రతివాడికీ తట్టిన ఉపాయం ఒక్కటే: నీళ్ళకన్నా రోడ్డు ఎత్తు చేస్తే సరి!

ఒకాయన కంకర పోయించాడు. నీళ్ళు కంకర మీదికొచ్చి కూర్చున్నాయి. ఇంకొకాయన తారు వేయించాడు. నీళ్ళు తారు మీదికొచ్చాయి. తర్వాతాయన సిమెంటు, ఆ తర్వాతాయన ఆ సిమెంటు మీద సిమెంటు. పొర మీద పొర, పొరపాటు మీద పొరపాటు. కింద నేల పైకొస్తోంది గానీ పైన దూలం రైలును నెత్తిన పెట్టుకుని ఉంది, అదెక్కడికి పోతుంది? ఒకప్పుడు మిరపకాయల లారీ దూరిన తూములో తర్వాత ట్రాక్టరు దూరింది, ఆ తర్వాత ఆటో దూరింది. చివరికి ఆటో కూడా టాపు మీది టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దించుకుని, అవతలికి పోయి మళ్ళీ ఎక్కించుకునే రోజులొచ్చాయి. బస్సు ఊసే లేదు. మా పిల్లలు కాలేజీలో బస్సు పాసు ఇమ్మని అడిగితే, మీ పేటకి అసలు బస్సే పాస్ కాదు గదమ్మా, పాసెందుకు అన్నాడట గుమాస్తా.

ఇంత జరిగినా ఒక్క పొరను కూడా ఎవరూ తియ్యలేదు. దానికి కారణం దిమ్మెలు.

పొర వేయించిన ప్రతివాడూ తూము మొగదల, రోడ్డంచున ఒక సిమెంటు దిమ్మె కట్టించి, దానికో నల్లరాతి పలక బిగించి, పలక మీద తన పేరు చెక్కించుకునేవాడు. తర్వాత వచ్చినవాడి పొరలో ముందటివాడి దిమ్మె మునిగిపోయేది. మునిగితే ఎవరికీ బాధ లేదు. కొట్టేస్తేనే గొడవ. మా పల్నాట్లో పేరున్న రాయి మీద సుత్తి పడిందంటే ఆ ఇంటివాళ్ళు నలుగురు జీపెక్కి వస్తారు. పగలగొడితే పగ, పూడ్చిపెడితే అభివృద్ధి. అందుకని తూము అడుగున శిలాఫలకాలు బోలెడున్నాయి గానీ, ఫలం ఒక్కటీ లేదు.

అన్నిటికన్నా పైనున్న దిమ్మె వెంకట్రామయ్యది. మొన్న మొన్నటిదాకా మా వార్డు కౌన్సిలరు ఆయనే. పలక మీద బంగారు రంగు అక్షరాలు, పక్కనే చేతులు జోడించిన ఆయన బొమ్మ. కిందటి ఎన్నికల్లో ఆయన్ను ఓడించింది ఎవరో కాదు, సొంత అన్న భార్య రంగనాయకమ్మ. ఆవిడకు మా పేటలోనే కారం మిల్లుంది. మాట కూడా మిల్లు లాంటిదే, ఎదురొచ్చిన దాన్ని పొడి చేసి వదులుతుంది. ఓట్లడగడానికి వచ్చినప్పుడు గడప గడపకూ ఒకే మాట చెప్పింది:

“తూములోనించి మన పేటకి బస్సు తెప్పిస్తా. తెప్పించలేకపోతే మళ్ళా మీ గడప తొక్కను. ఓటూ అడగను, కారమూ అమ్మను.”

గెలిచింది. గెలిచిన తొలి వేసవిలోనే రైల్వే అధికారి ఒకాయన టోపీ పెట్టుకుని వచ్చి, వంగి తూములోకి దిగి, నిటారుగా లేవబోయి దూలానికి టోపీ సమర్పించుకుని బయటికొచ్చాడు.

“నెలకొకడు మా దూలాన్ని గుద్దుతున్నాడమ్మా. పైన రైళ్ళు పోతున్నాయి, ఇది ప్రమాదం,” అన్నాడు. “వానాకాలం మొదలయ్యేలోపు బస్సు పోయేంత ఎత్తు చూపించండి, నీళ్ళు నిలవకుండా చూపించండి. చూపిస్తే ఉంచుతాం. లేదంటే మట్టి పోసి మూసేస్తాం. మీరు కారంపూడి రోడ్డు గేటు చుట్టూ తిరిగి రావచ్చు.”

ఆ గేటు చుట్టూ తిరగడమంటే ఊరి చుట్టూ తిరగడమే. తూము మూస్తే మా ఆడపిల్లల కాలేజీ పోతుంది, పురిటి నొప్పులొస్తే ఆసుపత్రి అందదు, ఇవతలి నించి మిరపకాయలు తెచ్చి ఆడించుకునే ఆడవాళ్ళు రాక రంగనాయకమ్మ మిల్లు మూతపడుతుంది. అన్నిటికన్నా ముందు ఆవిడ మాట పోతుంది. మా పేటలో మాట పోయినవాడికి టీ కూడా సగం గ్లాసే పోస్తారు.

పురపాలక ఇంజనీరు సుప్రజ అని మాచవరం పిల్ల, ఉద్యోగంలో కొత్త. ఇంజనీరు అన్న మాటలోనే నీరున్నట్టు, వచ్చిన రోజునించీ ఆ పిల్లకు మా తూము నీళ్ళే పని. రంగనాయకమ్మ ఆమెను తూము మొగదలే నిలబెట్టి అడిగింది.

“అమ్మాయ్, పైన దూలం లేపలేమా?”

“దూలం లేపాలంటే రైలు కట్ట మొత్తం లేపాలి మేడం.”

“మరి కింద?”

“కింద దింపొచ్చు. ఎన్ని పొరలున్నాయో అన్నీ తీసేస్తే బస్సేంది, లారీనే పోద్ది. కానీ అడుగున ఏముందో ఎవరికీ తెలవదు. నీళ్ళు పోయే దారి లేకపోతే మనం తవ్వేది రోడ్డు కాదు, బావి.” సుప్రజ గొంతు తగ్గించింది. “ఇంకోటి మేడం. తవ్వాలంటే ముందు ఆ దిమ్మె తియ్యాలి.”

గొంతు తగ్గించి లాభం లేకపోయింది. వెంకట్రామయ్య ఇస్త్రీ చొక్కాతో అప్పటికే దిమ్మె పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుని ఉన్నాడు.

“ఏంది వదినా, నా రాయి మీద కన్ను పడిందా?”

“నీ రాయి మీద కాదు మరిదీ, దాని కిందున్న రోడ్డు మీద.”

“రాజకీయం వేరు, రాయి వేరు. దీని మీద సుత్తి పడిందో, గుంటూరు పోయి స్టే తెస్తా. మా వకీలు ఫోన్లోనే ఉన్నాడు.”

“నువ్వు స్టే తెచ్చేలోపు వాన వచ్చుద్ది. రైల్వేవాళ్ళు మట్టి తెస్తారు. అప్పుడు నీ రాయి కూడా మట్టిలోనే స్టే.”

“పోతే పోనీ. పూడితే పూడనీ. పగలగొట్టనిచ్చేది మాత్రం లేదు.”

చెప్పాను గదా, మా వాళ్ళకు పూడ్చడం మీద పట్టింపు లేదని. సుప్రజ ముఖం చిన్నబోయింది. రంగనాయకమ్మ మాత్రం కొంగు దోపుకుని, వంగి తూము దాటి ఇవతలికి వెళ్ళింది.

ఇవతల, తూము ఎదురుగా వెంకటకృష్ణయ్య గారి ఇనుప కొట్టుంది. మేకులు, గొలుసులు, తూకం కాటా, ముందు ఎత్తయిన సిమెంటు అరుగు, అరుగు మీద ఆయన. మాట మెత్తన, సరుకు గట్టి.

“రా చెల్లెమ్మా. ఏం కావాలి? మేకులా?”

“మేకులొద్దు అన్నయ్యగారూ. ఒక గొడవ తేల్చుకోను వచ్చా.”

ఆ గొడవ ఊరందరికీ తెలిసిందే. తూములో మొట్టమొదట నేల వేయించింది ఎవరు? రంగనాయకమ్మ మామగారు త్రికోటయ్య గారని ఆవిడ అత్తింటివాళ్ళు, మా తాతగారు వెంకటసుబ్బయ్య గారని ఈ శెట్టిగారి ఇంటివాళ్ళు. ఈ రెండిళ్ళ మధ్య పొరపొచ్చాలన్నీ ఆ మొదటి పొర దగ్గరే మొదలయ్యాయి. పెళ్ళిళ్ళలో వడ్డన ఆగిపోయింది, గుడి కమిటీలు రెండయ్యాయి, ఒకసారి చావు దగ్గర కూడా ఈ మాటే వచ్చి మోసేవాళ్ళు పాడె దించి వాదించుకున్నారు. రుజువు చెయ్యడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆ మొదటి రాయి అందరి పొరలకూ అడుగున ఉంది.

“మా మరిది అంటన్నాడూ,” రంగనాయకమ్మ అరుగు మీద కూర్చుంటూ సాగదీసింది, “మొదటి రాయి మా మామగారిదేనంట. మీ తాతగారు అసలు తూములోకే దిగలేదంట. తవ్వితే తేలిపోద్ది గదా అన్నా. తవ్వనియ్యడంట.”

వెంకటకృష్ణయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “తవ్వనియ్యడా? ఎందుకని?”

“ఏమో మరి. నేను ఆ ఇంటి కోడల్ని, నా నోటితో నేనెట్టా చెప్పను?”

శెట్టిగారు అరుగు మీదనించి లేచారు. లేవడమే ఎరగని మనిషి. కొట్లోకి తిరిగి కేకేశారు: “మన ఐజాజ్ ఖాళీగా ఉన్నాడేమో కనుక్కోండ్రా! జేసీబీకి ఆ పగలగొట్టే ముక్కు తగిలించుకుని రమ్మను. ఖర్చు నాది!”

సాయంత్రానికి ఆ మాట తూము దాటింది. మా పేటలో కబుర్లకు మాత్రం ఎన్ని పొరలూ అడ్డం రావు. మర్నాడు పొద్దున తూము మొగదల తిరనాళ్ళే. ఇవతల శెట్టిగారి బలగం, అవతల మేమందరం, మధ్యలో ఐజాజ్ జేసీబీ ఏనుగులా తొండం ఊపుతూ. దిమ్మెకు ఆనుకుని కుర్చీలో వెంకట్రామయ్య.

“వెంకట్రామయ్య బాబాయ్,” ఐజాజ్ క్యాబిన్లోనించి తల బయటపెట్టాడు, “తొందరగా తేల్చండి. నకరికల్లులో ఇంకో పని ఉంది నాకు.”

“నీ పని చూసుకో పోరా. ఇక్కడ పని లేదు.”

“ఉంది!” ఇటునించి వెంకటకృష్ణయ్య గారు. “మీ నాన్నగారి రాయి అడుగున ఉంటే భయమెందుకయ్యా? చూసుకుందాం!”

“భయమా? ఎవురికి భయం?”

“మరి కుర్చీ ఎందుకు దిగవు బాబూ,” కూరల గంప నెత్తిన పెట్టుకుని నిలబడ్డ గ్రేసమ్మ అంది. కట్టకు రెండువైపులా కూరలు అమ్మే మనిషి, రెండువైపులా భయపడదు. “అడుగున మీ నాయనది లేదని నీకు ముందే తెలుసేమో! అందుకే పైన మూతేసి కూచున్నావు.”

అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒక్కసారే నవ్వారు. కట్టకు రెండువైపులవాళ్ళూ కలిసి నవ్వడం నేను చూడటం అదే మొదలు. వెంకట్రామయ్య ముఖం ఆయన దిమ్మె రంగులోకి వచ్చింది. దిమ్మ తిరిగింది అనడానికి అంతకన్నా మంచి సందర్భం నాకు దొరకదు. దిమ్మె ఉంచుకుంటే తండ్రి పరువు పోయేట్టుంది. తండ్రి పరువు దక్కాలంటే దిమ్మె పోవాలి.

రంగనాయకమ్మ నవ్వలేదు. మరిది పక్కకు వచ్చి, ఆయనకు మాత్రమే వినపడేట్టు ఏదో అనబోయింది. ఆయనే ముందు అన్నాడు. దగ్గరున్న మాకు వినపడింది.

“ఓడిపోయినోడికి ఈ రాయి తప్ప ఏం మిగులుద్ది వదినా? అయిదేళ్ళు తిరిగా. పొద్దున లేస్తే జనం. ఇప్పుడు పలకరించేవాడు లేడు. ఇటు పోతా పోతా ఎవడో ఒకడు ఆగి నా పేరు చదువుతాడు. అదే నాకు.”

“మామగారి పేరు చదివేవాళ్ళు ఏరి మరిదీ?” రంగనాయకమ్మ గొంతులో మిల్లు ఆగిపోయింది. “ఆయన పేరు మీద ఎంతమంది పొరలు పోసిపోయారో. చివర పోసింది నువ్వే.”

వెంకట్రామయ్య చాలాసేపు తన బొమ్మ వంక చూశాడు. రాతిలోని వెంకట్రామయ్య చేతులు జోడించి ఆయనకే దణ్ణం పెడుతున్నాడు. అప్పుడాయన కుర్చీ మీదనించి లేచి, చొక్కా చేతులు మడిచి, గట్టిగా కేకేశాడు.

“ఒరేయ్ ఐజాజ్! బండి వెనక్కి తియ్. నా రాయి మీద ఇంకొకడి దెబ్బ పడేది లేదు. శెట్టిగారూ, కొట్లో సమ్మెటుందా?”

“ఏ సైజుది?” అన్నారు వెంకటకృష్ణయ్య గారు అలవాటుగా.

పెద్ద సైజుదే వచ్చింది. మొదటి దెబ్బకు బంగారు అక్షరాలు రాలాయి. రెండో దెబ్బకు దిమ్మె కదిలింది. మూడోదానికి మా పేటవాళ్ళు ఈలలు వేశారు, నాలుగోదానికి ఇవతలివాళ్ళూ వేశారు. రాయి పెట్టినరోజు కూడా ఆయనకు అన్ని చప్పట్లు రాలేదు. అక్కడినించి చూడాలి ఆయన ఊపు! ఎన్నికల్లో రాని మెజారిటీ ఆ సమ్మెట దెబ్బలకు వచ్చింది.

అంతే, దారి పడింది. ఐజాజ్ జేసీబీ తూములోకి తొండం పెట్టింది. పై సిమెంటు పోయింది, కింది సిమెంటు పోయింది. ఒక్కో పొరలో ఒక్కో దిమ్మె తల బయటపెట్టింది. పగ మాట ఎవరికీ గుర్తు లేదు, అందరి పట్టుదలా అడుగుకు చేరడం మీదే. ఫలానావారి రాయి బయటపడిందని కబురు పోగానే ఆ ఇంటివాళ్ళు డప్పులతో వచ్చి, రాయికి నీళ్ళు పోసి కడిగి, పసుపు రాసి, దండ వేసి ట్రాక్టరు మీద ఊరేగించుకుపోయారు. పెట్టినప్పుడు ఒకసారి, తీసినప్పుడు ఒకసారి, ఒకే రాయికి రెండు ఊరేగింపులు. తారు పొర కింద ఒక రబ్బరు చెప్పు, కంకర పొరలో పగలని గోలీసోడా సీసా దొరికాయి. సీసా లోపల గోలీ ఇంకా ఆడుతోంది. ఐజాజ్ నకరికల్లు పని మానేశాడు. “ఇంత మజా అక్కడ యాడిది?” అన్నాడు.

కంకర కింద చివరి రాయి తగిలింది. ఐజాజ్ బండి ఆపేశాడు. అటునించి వెంకట్రామయ్య, ఇటునించి వెంకటకృష్ణయ్య గారు తూములోకి దిగారు, ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ. గ్రేసమ్మ గంపలోని నీళ్ళచెంబు తీసి రాయి మీద కుమ్మరించింది. సుప్రజ చేత్తో బురద తుడిచి అక్షరం అక్షరం చదివింది.

“వెంకటసుబ్బయ్య…”

శెట్టిగారి బలగం ‘ఓ’ అని అరిచింది.

“ఆగండాగండి, కింద వరస కూడా ఉంది. త్రికోటయ్య. ఇరువురూ కలిసి… నాపబండలు పరిపించి… మురుగుకాలువ కట్టించినది.”

పైన గుంటూరు పాసింజరు పోయింది, అది మెల్లగా పోయినట్టు అనిపించింది. ఇన్నేళ్ళు, ఇన్ని పెళ్ళిళ్ళు, ఒక పాడె. ఇంతా చేస్తే ఇద్దరు పెద్దమనుషులూ భాగస్థులు! మనవడు, కొడుకు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“మొత్తానికి మా తాతగారి పేరు ముందుంది,” అన్నారు వెంకటకృష్ణయ్య గారు మెల్లగా.

“మా నాయన అక్షరాలు పెద్దయి,” అన్నాడు వెంకట్రామయ్య ఇంకా మెల్లగా.

“అయితే ఇంకేం, ఇద్దరూ గెలిచారు. పక్కకి జరగండి,” అంది రంగనాయకమ్మ.

రాయి సంగతి ఊరుకు ముఖ్యం, బండల సంగతి మాకు ముఖ్యం. కంకర ఊడ్చేసరికి మాచర్ల నాపబండలు నిన్న పరిచినట్టు బయటపడ్డాయి. దూలం ఎక్కడో ఆకాశంలో ఉంది. బండల నడుమ రాతితో కట్టిన కాలువ. ఇన్ని పొరలకింద అణిగి ఉన్నా ఒక్క రాయి కదల్లేదు. సుప్రజ కొలిచి, మళ్ళీ కొలిచి, ఎగిరి గంతేసింది. బస్సు పోతుంది!

ఆ మర్నాడు మధ్యాహ్నం వాన పడింది. ఏ ఛానెలూ చెప్పని వాన. కోటప్పకొండ వైపునించి మబ్బు లేచి, చూస్తుండగానే కుమ్మేసింది. తెరిపిచ్చాక పరుగెత్తి వెళ్ళి చూస్తే తూము నిండా నీళ్ళు, నడుం దాటి. పాత తూములో మోకాలిదాకానే ఉండేవి. ఇప్పుడు లోతు ఎక్కువ గనక నీళ్ళూ ఎక్కువే. రైల్వే అధికారి మళ్ళీ చూడను వచ్చేది మరుసటి రోజు.

కట్ట ఇవతలినించి ఎవరో అరిచారు. “ఓ కట్టవతలోళ్ళూ! బస్సెందుకయ్యా, పడవ కొనుక్కోండి!”

ఒకడు గట్టు మీద కూర్చుని కాగితం పడవ వదిలాడు కూడా. రంగనాయకమ్మ గట్టున నిలబడి నీళ్ళవంకే చూస్తోంది. కొంగు తడిసి కాళ్ళకు చుట్టుకుంది. ఆవిడ నోరు మెదపకుండా నిలబడ్డం మేము ఎరగం. వెంకట్రామయ్య దగ్గరకొచ్చాడు గానీ, ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడవడానికి ఇంతకన్నా మంచి అదను ఆయనకు దొరకదు, అయినా ఊరుకున్నాడు.

“ఏమే అమ్మాయ్,” చివరికి అంది రంగనాయకమ్మ, “బావే తవ్వామా?”

సుప్రజ చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. కాలితో కాలువ అంచు తడుముకుంటూ తూము దాటి ఇవతలికి నడిచింది. మేమంతా గట్టెక్కి పట్టాలు దాటి ఆమె వెంట వెళ్ళాం. కాలువ తూము బయటికొచ్చింది, రోడ్డు అడ్డంగా దాటింది, వాగు వైపు వంగింది. వంగిన చోట ఎత్తయిన సిమెంటు అరుగు. అరుగు మీద కాటా. కాటా పక్కన వెంకటకృష్ణయ్య గారు.

“కాలువ దీని కింద ఆగిపోయింది మేడం,” అంది సుప్రజ. “ఈ అరుగు కట్టినప్పుడు మూసుకుపోయింది. అప్పట్నించే తూములో నీళ్ళు నిలవడం.”

ఇక చూడండి, ఊరు ఊరంతా అరుగు వంక చూసింది. ఇన్ని పొరలకూ మూలం ఈ ఒక్క అరుగు! పొరలు వేసినవాళ్ళకు నీళ్ళు ఎందుకు నిలిచాయో తెలియదు, నీళ్ళు నిలబెట్టినాయనకు పొరలెందుకు వేస్తున్నారో తెలియదు. ఇరుగుపొరుగు అంటే ఇదే కాబోలు, అరుగు ఒకరిది, పొర ఒకరిది.

“ఇది… ఇది మా నాన్నగారు కట్టించిన అరుగు,” అన్నారు శెట్టిగారు. “కొట్టు పెట్టిన రోజునించీ ఉంది. బేరమంతా దీని మీదే.”

ఇక మాట అనాల్సింది వెంకట్రామయ్యేనని అందరికీ తెలుసు. ఆయన జనంలోనించి ముందుకొచ్చాడు. చేతిలో మొన్నటి సమ్మెట. ఇంకా తిరిగివ్వలేదు.

“శెట్టిగారూ,” అన్నాడు, “మొన్న మీరొక మాటన్నారు. భయమెందుకయ్యా, చూసుకుందాం అని.”

“అన్నాను.”

“నాకు బో కోపమొచ్చింది. కానీ కొట్టినాక చానా తేలిగ్గా ఉందండీ. నిద్ర కూడా బాగా పట్టింది.” సమ్మెట పిడి ఆయన వైపు తిప్పి పట్టుకున్నాడు. “మీ తాతగారు మా నాయనతో కలిసి కట్టిన కాలువ. నడుమ మనం అడ్డం కూచున్నాం. నేను లేచా. ఇక మీరు.”

వెంకటకృష్ణయ్య గారు అరుగు నిమిరారు. నున్నగా ఉంది, తరాల బేరం అరగదీసింది. తర్వాత సమ్మెట అందుకుని బరువు చూశారు. “ఇది నా కొట్టుదే గదా!” అని ఒక్క నవ్వు నవ్వి, లోపలికి కేకేశారు.

“ఒరేయ్, కాటా లోపల పెట్టండ్రా! ఐజాజ్ను పిలవండి. మొదటి దెబ్బ నాది, మిగతాది ఆ బండిది.”

మొదటి దెబ్బ వేశారు. అరుగుకు గీత పడింది, ఆయన నడుం పట్టింది. మిగతాది ఐజాజ్ చూసుకున్నాడు. అరుగు పెచ్చులుగా లేచింది, దాని కింద ఏళ్ళతరబడి అణిగిన బురద గడ్డ కనిపించింది. జేసీబీ పన్ను ఆ గడ్డను గిల్లిందో లేదో, లోపలినించి పెద్ద గుటక వేసినట్టు చప్పుడు. అంతే! తూము నీళ్ళన్నీ ఒక్క ఊపున కదిలాయి. కాలువ నిండా నురగ కక్కుకుంటూ, రబ్బరు చెప్పులూ ప్లాస్టిక్ కవర్లూ తోసుకుంటూ, ఇనుపకొట్టు ముందునించి వాగులోకి ఉరికాయి. ఇందాకటి కాగితం పడవ కూడా పోయింది, దాన్ని వదిలినవాడు దాని వెంట పరుగెత్తాడు. మేము అరిచిన అరుపులకు స్టేషన్లో రైలు ఎక్కినవాళ్ళు దిగి చూశారట. గ్రేసమ్మ గంపలోని టమాటాలన్నీ పిల్లలకు పంచేసింది. చూస్తుండగానే నాపబండలు కడిగిన పళ్ళెంలా తేలాయి.

రంగనాయకమ్మ ఆ బండల మీద చతికిలబడి కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన ఎప్పుడో ఆగిపోయింది మరి.

మర్నాడు రైల్వే అధికారి కొత్త టోపీతో వచ్చాడు. తూములోకి నడిచి, నిటారుగా నిలబడి, టోపీ తీసి చేత్తో పైకెత్తి చూశాడు. దూలం అందలేదు. ఇంకోసారి ఎగిరాడు, అప్పుడూ అందలేదు. బండలు తొక్కి చూశాడు, కాలువలో బిందెడు నీళ్ళు పోయించి అవి పోయిన దారి చూశాడు. “ఉంచుతాం,” అన్నాడు. ఒక్క మాటే. దానికే మా వాళ్ళు ఆయన్ను భుజాలమీద ఎత్తుకున్నారు, ఆ దెబ్బకు టోపీ మళ్ళీ పడింది.

“వదినా,” వెంకట్రామయ్య చెవి దగ్గరకొచ్చాడు, “ఇంత పని జరిగింది. చిన్న రాయి… నీ పేరే…”

“రాయా?” అని రంగనాయకమ్మ తిరిగి చూసిన చూపుకు ఆయన మిగతా మాట మింగేశాడు.

అప్పుడొచ్చింది బస్సు. మామిడాకులు కట్టిన అద్దం, వెనక నల్లపొగ, హారన్ మీదనించి చెయ్యి తియ్యని డ్రైవరు. స్టాండు నించి కట్టవతల పేటకు మొట్టమొదటి బస్సు. మా పేట ఆడవాళ్ళంతా పొద్దున్నే తూము దాటి ఇవతలికొచ్చి స్టాండులో కాచుకున్నారు, అందులో ఎక్కి ఇంటికి పోవడానికి. ఇంటినించి బయల్దేరి ఇంటికే పోయే ప్రయాణం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. ముందు సీట్లో రంగనాయకమ్మ, పక్కన గ్రేసమ్మ, వెనక సుప్రజ, డ్రైవరు పక్కన ఇంజను మీద వెంకట్రామయ్య, శెట్టిగారు ఒకరికొకరు ఒరిగి.

బస్సు రోడ్డు దిగి తూములోకి ముక్కు పెట్టింది. చీకటి పడింది. పడగానే బస్సులో ఉన్న మా వాళ్ళందరూ ఒక్కసారిగా తలలు వంచేశారు. కాళ్ళలోకి వంచేశారు. ఎన్నాళ్ళ అలవాటో! నడిచినా, సైకిలెక్కినా, ఎవరి భుజం మీద కూర్చున్నా, తూము రాగానే మెడలు వాటంతటవే వంగుతాయి మాకు. పుట్టిన బిడ్డను తెచ్చేటప్పుడు కూడా ముందు తల వంచడమే నేర్పుతాం. రంగనాయకమ్మ కూడా వంచింది. తర్వాత గుర్తొచ్చి, మెల్లగా ఒక కన్నెత్తి కిటికీలోనించి చూసింది. దూలం ఎంతో పైన, దారిన పోయే మేఘంలా పోతోంది.

“ఎత్తండే తలకాయలు!” అని మిల్లు గొంతుతో అరిచింది. “ఏమే, ఎత్తండే! మన తూమే!”

ఒక్కొక్క తలా లేచింది. అందరికన్నా చివర వెంకట్రామయ్యది. లేపి, పైకి చూసి, నోరు తెరిచాడు.

“వదినా, ఇంకా చానా జాగా ఉంది పైన!” అన్నాడు. “డబుల్ డెక్కరు అడుగుదామా?”

బస్సు మా వైపు వెలుతురులోకి వచ్చింది.